ఒడిశాలోని గజపతి జిల్లా కలెక్టర్ గారికి బహిరంగ లేఖ: మోసం నోటీసులో వివరం ఉండాలి

అయ్యా,

ఆయుష్మాన్ భారత్ (ప్రభుత్వ ఆరోగ్య బీమా) క్లెయిముల్లో మోసం జరిగిందని ఆసుపత్రికి నోటీసు ఇస్తే అందులో క్లెయిమ్ నంబరు, చేరిన తేదీ, ప్యాకేజీ (బిల్లు చేసిన చికిత్స) పేరు, ఆడిట్ రిపోర్టు నకలు తప్పక ఉండేలా చూడండి. అవి లేకుండా ఎవరైనా దేనికని జవాబు చెబుతారు?

పర్లాకిమిడి వైపు తేడాలు పేర్లలోనే వస్తాయి. మన తెలుగువాళ్లకు ఇంటిపేరు ముందు. ఆయుష్మాన్ కార్డులో అది వెనక్కి పోతుంది. కేస్ షీట్‌లో "గేదెల పాపమ్మ", కార్డులో "పాపమ్మ గేదెల". దొంగ రోగి అనే ముందు వేలిముద్ర, ఫొటో, మందుల చార్టు కలిపి చూడాలి. చేయని ఆపరేషన్‌కు బిల్లు పెట్టినవాళ్లను వదలమని మేం అనడం లేదు.

నోటీసు అందినవాళ్లకూ ఒక మాట. పాత కేస్ షీట్ తిరగరాయొద్దు. నాలుగు రోజుల నర్సు నోట్సు ఒకే సిరాతో, ఒకే దస్తూరీతో ఉంటే ఆడిటర్ కన్ను ముందు అక్కడే పడుతుంది. బిల్లు తగాదా కాస్తా ఫోర్జరీ కేసవుతుంది. థియేటర్ రిజిస్టరు, ఇంప్లాంట్ (శరీరంలో అమర్చిన పరికరం) స్టిక్కరు, ఫార్మసీ బిల్లు ఉన్నవి ఉన్నట్టే నకళ్లు తీసి, రసీదు తీసుకుని ఇవ్వండి. కంప్యూటర్ రికార్డుకు 2023 సాక్ష్య చట్టం సెక్షన్ 63 కింద సర్టిఫికెట్ జతచేయాలి. పోలీసులు బీఎన్ఎస్ఎస్ (కొత్త క్రిమినల్ ప్రొసీజర్ చట్టం) సెక్షన్ 35(3) నోటీసు ఇస్తే హాజరు కావాల్సిందే; ఎగ్గొడితే అరెస్టుకు మనమే దారి ఇచ్చినట్టు.

డేటా ఎంట్రీ కుర్రాళ్ల వాంగ్మూలం ఒడియాలో రాసినా, తెలుగులో చదివి వినిపించాకే సంతకం తీసుకునేలా ఆదేశాలివ్వండి.

ఇట్లు,
జిల్లాలోని ఆసుపత్రి బిల్లింగ్ ఉద్యోగులు