మాటలు రాని పిల్లాడి పక్కన అమ్మని ఉండనివ్వండి

ఎడిటర్ గారికి నమస్కారం. మాది గుంటూరు. మా బాబుకి సెరిబ్రల్ పాల్సీ, అంటే మెదడు దెబ్బతిని కండరాలు మాట వినని సమస్య, నడవడు, మాటలు రావు. వెన్ను వంకర తిరిగిపోయి కూర్చోబెడితే పక్కకి ఒరిగిపోయేవాడు, పక్కటెముకలు తుంటికి రాసుకునేవి, నాలుగు ముద్దలు తినేసరికి ఆయాసం. స్కోలియోసిస్ అంటారు దీన్ని, వంపు 50 డిగ్రీలు దాటితే ఎదుగుదల ఆగాక కూడా పెరుగుతూనే ఉంటుందని చెప్తే విజయవాడలో ఒక ప్రైవేటు హాస్పిటల్లో ఆపరేషన్ చేయించాం, రాడ్లు స్క్రూలు వేశారు. సర్జన్ గారికి వంక పెట్టడానికి లేదు, ఆపరేషన్ జరుగుతున్నంతసేపూ కాళ్ల నరాలు పనిచేస్తున్నాయో లేదో మెషీన్‌తో ఎలా చూస్తారో మా అత్తగారికి కూడా అర్థమయ్యేలా చెప్పారు. నా బాధంతా ఐసీయూ గురించే.

లోపల ఎవర్నీ ఉండనివ్వరు, ఇన్ఫెక్షన్ భయం, సరే ఒప్పుకుంటా. కానీ మావాడు నొప్పెడితే ఏడవడు. పళ్లు కొరుకుతాడు, ఎడమ బొటనవేలు పిడికిట్లో దాచేసుకుంటాడు, అంతే. విజిటింగ్ టైములో వెళ్తే "బాబు కామ్‌గానే ఉన్నాడమ్మా" అన్నారు, పిడికిలి విప్పి చూస్తే అరచేతి నిండా గోళ్ల గుర్తులు. గొడవపడితే అప్పుడు ఇంజెక్షన్ ఇచ్చారు, కాసేపటికి వేళ్లు వదులయ్యాయి. నైట్ డ్యూటీ నర్సమ్మాయి ఒకమ్మాయి మాత్రం నేను చెప్పిందంతా అట్టముక్క మీద మార్కర్‌తో రాసి మంచానికి కట్టింది, ఆ తల్లి చల్లగా ఉండాలి. పొద్దున్నే ఎవరో రౌండ్స్‌కొస్తున్నారని ఆ అట్ట తీసి పక్కన పడేశారు!

మాటలు రాని పిల్లల నొప్పి కొలవడానికి ఫ్లాక్ స్కేల్ అని ఒకటి ఉందని మా ఫిజియో మేడం చెప్పారు. మొహం, కాళ్లు, కదలిక, ఏడుపు, ఓదారిస్తే ఊరుకోవడం, ఈ ఐదింటికీ 0 నుంచి 2 దాకా మార్కులు, మొత్తం 10. మావాడిలాంటి పిల్లల కోసం దాన్నే మార్చి, ఈ పిల్లాడికి నొప్పొస్తే ఏం చేస్తాడో అమ్మానాన్నల్ని అడిగి రాసుకునేలా చేశారంట. దీనికి కొత్త మెషీన్ అక్కర్లేదు, కేస్‌షీట్‌లో ఒక కాగితం చాలు. అడ్మిషన్‌కి సదరం సర్టిఫికెట్ జిరాక్సులు ఎన్నిసార్లు అడిగారో, ఈ ఒక్క ముక్క మాత్రం ఎవ్వరూ అడగలేదు.

2016 వికలాంగుల హక్కుల చట్టం 25వ సెక్షన్‌లో వైద్యంలో వీళ్లకి ప్రాధాన్యం ఇవ్వాలని ఉంది. ప్రాధాన్యం అంటే ఓపీలో లైన్ తప్పించడం ఒక్కటేనా అండీ? ప్రైవేటు హాస్పిటళ్ల రిజిస్ట్రేషన్ చూసేది జిల్లా వైద్య ఆరోగ్య అధికారి (డీఎంహెచ్‌ఓ) ఆఫీసే కాబట్టి, ఇలాంటి పిల్లలకి ఆపరేషన్ అయితే గౌను, మాస్కు వేసి అయినా సరే అమ్మో నాన్నో ఒకళ్లని రాత్రిపూట పక్కన ఉండనివ్వమని ఆర్డర్ వేయమని మీ పేపర్ ద్వారా అడుగుతున్నాను. ప్రభుత్వ జనరల్ హాస్పిటళ్లలో (జీజీహెచ్‌లలో) కూడా ఇదే పెడితే ఇంకా మంచిది.

ఇట్లు,
ఒక తల్లి, గుంటూరు