ఇంటర్వ్యూకు పిలిచినవారు జవాబు చెప్పరా?

సంపాదకులు గారికి నమస్కారం.

విజయవాడలో ఒక చిన్న సంస్థలో నాలుగేళ్లుగా జావా డెవలపర్‌గా పనిచేస్తున్న నన్ను ఇటీవల మాదాపూర్‌లోని ఒక సాఫ్ట్‌వేర్ సంస్థ చివరి రౌండు ఇంటర్వ్యూకు స్వయంగా రమ్మని పిలిచింది. అంతకుముందు వారు ఇచ్చిన అసైన్‌మెంటును, అంటే గోదాములో సరకు నిల్వల లెక్క చూసే అప్లికేషన్‌ను, ఆఫీసు పని అయ్యాక మూడు రాత్రులు కూర్చుని టెస్టులతో సహా రాసి పంపాను. జీతం కోతకు ఒప్పుకొని సెలవు పెట్టి, నెహ్రూ బస్ స్టేషన్‌లో రాత్రి బస్సెక్కి వెళ్లాను.

పదింటికి రమ్మన్నవారు రెండు దాటాక లోపలికి పిలిచారు. ఆలస్యం ఎవరికైనా అవుతుంది, దానికి నేను నొచ్చుకోలేదు. ఇంటర్వ్యూ చేసినాయన నా అసైన్‌మెంటు తెరిచి కూడా చూడలేదని మాత్రం మొదటి ప్రశ్నతోనే తెలిసిపోయింది. లింక్డ్ లిస్టులో, అంటే ఒక్కో నోడు (అంశం) తన తర్వాతిదాని జాడ చెప్పే గొలుసులో, లూప్ (గొలుసు మళ్లీ వెనక్కి చుట్టుకోవడం) ఉందో లేదో కనిపెట్టే కోడ్ కాగితంపై రాయమన్నారు. ఒక పాయింటరు (నోడును చూపే గుర్తు) ఒక్కో నోడు, మరొకటి రెండేసి నోడ్లు జరుగుతూ పోతే, లూప్ ఉన్నప్పుడు రెండూ ఎక్కడో కలుసుకోక తప్పదని నేను వివరిస్తుండగానే ఆయన ఫోన్ మాట్లాడుతూ బయటికి వెళ్లారు. తిరిగొచ్చి, నా 90 రోజుల నోటీసు గడువును 30కి తగ్గించుకోగలనో లేదో మర్నాటిలోగా చెప్పాలన్నారు. మర్నాడే చెప్పాను. ఐదు వారాలు గడిచినా వారి నుంచి జవాబు లేదు. రెండు మెయిళ్లు పెట్టాను, ఫోన్ చేశాను. అదే ఉద్యోగ ప్రకటన మాత్రం జాబ్ పోర్టల్‌లో ఇప్పటికీ కనబడుతోంది.

దరఖాస్తు పెట్టిన నిమిషానికే 'అందింది' అని మెయిల్ పంపే కంప్యూటరు చేత 'మిమ్మల్ని తీసుకోవడం లేదు' అని కూడా పంపించడం ఆ సంస్థలోని ఏ డెవలపర్‌కైనా పూట పని కూడా కాదు.

మన దేశంలో 1959లో వచ్చి 2025 వరకు అమల్లో ఉన్న చట్టం, 25 మంది లేదా అంతకు మించి పనిచేసే ప్రైవేటు సంస్థలు ఖాళీలను ఉపాధి కల్పన కేంద్రాలకు తెలపాలని చెప్పిందే తప్ప, ఇంటర్వ్యూ చేసిన అభ్యర్థికి జవాబివ్వాలని చెప్పలేదు. కెనడాలోని ఒంటారియోలో అంతే పరిమాణమున్న సంస్థలు, ఆ ఉద్యోగంపై నిర్ణయం జరిగిందో లేదో ఇంటర్వ్యూ అయిన 45 రోజుల్లోగా అభ్యర్థికి తెలపాలన్న నిబంధన 2026 జనవరి 1 నుంచి అమల్లోకి వచ్చింది. అటువంటి నిబంధనను తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ కార్మిక శాఖలు పరిశీలించాలని, ఈలోగా అభ్యర్థులను ఊరు దాటి రప్పించే సంస్థలు కనీసం దారి ఖర్చులైనా భరించాలని మీ పత్రిక ద్వారా కోరుతున్నాను.

ఇట్లు,
ఒక సాఫ్ట్‌వేర్ డెవలపర్,
విజయవాడ