పాస్తా వచ్చేలోగా గేటు మూసేస్తారు

సంపాదకుడు గారికి,

పోయిన ఆదివారం మీ అనుబంధంలో మన విమానాశ్రయం తిండి గురించి వేసిన వ్యాసం చదివాను. అక్కడి ఇటాలియన్ హోటల్లో తీరిగ్గా కూర్చుని రుచులు ఆస్వాదించొచ్చని రాశారు. రాసినాయనకి ఆ రోజు విమానం ఉన్నట్టు లేదు.

మాకుంది. నెల కిందట నేనూ మా ఆవిడా బెంగళూరులో అమ్మాయి దగ్గరికి బయల్దేరి అక్కడే కూర్చున్నాం. ఏడుంపావుకి విమానం. 25 నిమిషాల ముందే గేటు మూసేస్తారు కదా అని ఐదున్నరకే ఆర్డరిచ్చాం. పాస్తా ఉడకడానికి పన్నెండు నిమిషాలు చాలు. వచ్చింది ఆరుంపావుకి. చిన్నప్పుడు వేళ్లకి తొడుక్కుని తినే గొట్టాల్లాంటివే, టమాటా గుజ్జులో, చల్లారిపోయి. పేరు అరాబియాటా. ఇటాలియన్‌లో 'కోపంగా ఉన్నది' అని అర్థమట. మా ఆవిడ ముఖం చూస్తే పేరు సరిగ్గానే పెట్టారనిపించింది. నేపుల్స్‌లో కట్టెల పొయ్యిలో నిమిషంన్నరలో కాలే పిజ్జా ఇక్కడ ఆరున్నర దాటాక దిగింది. ఈ రోజుల్లో అనౌన్స్‌మెంట్లు కూడా ఉండవు, సైలెంట్ ఎయిర్‌పోర్టట. గేట్ల వివరాలు చూపే తెర హోటల్లోంచి కనబడదు. మాటిమాటికీ లేచి వెళ్లి చూసొచ్చేది నేనే.

ఇక బిల్లు. పాస్తా 695, పిజ్జా 745, నీళ్ల సీసా 110, వెరసి 1,550. దాని మీద సర్వీసు ఛార్జీ 155. రెండూ కలిపి, దాని మీద 5 శాతం జీఎస్టీ. అంటే ఇవ్వక్కర్లేని డబ్బుకి కూడా పన్ను కట్టాం. అడక్కుండా సర్వీసు ఛార్జీ వేయకూడదని కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2022 జులైలోనే చెప్పింది. అది సరైనదేనని 2025 మార్చిలో ఢిల్లీ హైకోర్టు కూడా తేల్చింది. ఆ మాటే అంటే కుర్రాడు "సిస్టమ్‌లో తీయడానికి రాదు సార్" అన్నాడు. వాణ్ని అని లాభం లేదు. మేనేజరు కోసం ఆగితే విమానం ఆగదు. వాళ్ల ధైర్యం అదే.

కోల్‌కతా విమానాశ్రయంలో 2024 డిసెంబరులో పది రూపాయల టీ, ఇరవై రూపాయల సమోసా అమ్మే ఉడాన్ యాత్రీ కెఫే పెట్టారు. ఇక్కడ అలాంటిది నా కళ్లకైతే కనబడలేదు. రిబ్బన్లు కత్తిరించడానికి వచ్చే పెద్దలకి లాంజ్‌లో మర్యాదలు జరుగుతాయి, వాళ్లకి ఈ బిల్లు ఎందుకు తెలుస్తుంది? మెనూలో తెలుగు అక్షరం ఒక్కటి లేదు. మా ఊరి బస్టాండు క్యాంటీన్ నయం, ధరల బోర్డు తెలుగులో ఉంటుంది, ఇడ్లీ బస్సు కదిలేలోగా వస్తుంది.

సగం పిజ్జా టిష్యూ కాగితాల్లో చుట్టుకుని గేటు దాకా పరుగెత్తాం. మా ఆవిడకి మోకాళ్ల నొప్పులు.

బిల్లు జిరాక్స్ దీంతో జతచేస్తున్నాను. అసలు కాగితం మీద అచ్చు అప్పుడే వెలిసిపోతోంది.

ఇట్లు,
రిటైర్డు లెక్కల మాస్టారు