పాత కంప్యూటర్లను తుక్కు చేయకండి

సంపాదకులకు,

2025 అక్టోబరు 14న విండోస్ 10కు మామూలు సపోర్టు (భద్రతా అప్‌డేట్లు ఇవ్వడం) ముగిసింది. అప్పటి నుంచి మా రిపేరు షాపుకు వచ్చేవాళ్లు ఎక్కువగా అడిగేది ఒకటే: కొత్తది కొనాల్సిందేనా? అక్కర్లేదు. ఇంటర్నెట్‌కూ, పిల్లల చదువులకూ విండోస్ బదులు వేసుకునే లినక్స్ మింట్ అనే ఆపరేటింగ్ సిస్టమ్ చాలు, అదీ ఉచితం. మింట్‌లోని సినమన్ అనే డెస్క్‌టాప్‌లో మెనూ, టాస్క్‌బార్ అలవాటైన చోటే ఉంటాయి కాబట్టి పెద్దవాళ్లకు టెన్షన్ ఉండదు. 4 జీబీ ర్యామ్ ఉన్న పాత మిషన్‌కైతే నేను ఎక్స్‌ఎఫ్‌సీఈ అనే తేలికైన మింట్ రకమే వేస్తాను. ఫెడోరా అనే మరో లినక్స్‌లో వచ్చే గ్నోమ్ డెస్క్‌టాప్ అందంగానే ఉంటుంది గానీ, మినిమైజ్ బటన్ కనబడకపోతే మా కస్టమర్లు కంగారుపడతారు. తెలుగు ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డు (తెలుగు టైపింగ్ అమరిక) కూడా మింట్ సెట్టింగుల్లోనే దొరుకుతుంది.

ఇక కుర్రాళ్లు ఆటల గురించి అడుగుతారు. 2018లో వాల్వ్ కంపెనీ తెచ్చిన ప్రోటాన్ అనే సాఫ్ట్‌వేర్ పుణ్యమా అని విండోస్ కోసం చేసిన ఆటలు ఎన్నో లినక్స్ మీద కూడా వాల్వ్ ఆటల స్టోరైన స్టీమ్‌లో బాగానే నడుస్తున్నాయి. వాల్వ్ వారి చేతి గేమింగ్ పరికరం స్టీమ్ డెక్ నడిచేదీ లినక్స్ మీదే. వాలరెంట్, ఫోర్ట్‌నైట్ మాత్రం యాంటీచీట్ (ఆటలో మోసాన్ని అడ్డుకునే సాఫ్ట్‌వేర్) కారణంగా లినక్స్‌లో నడవవు. వాటి కోసమే కంప్యూటర్ వాడే అబ్బాయికి విండోస్ తీయొద్దనే చెబుతాను.

ప్రభుత్వ బడుల్లో మూలనపడ్డ కంప్యూటర్లను అమ్మేసే ముందు అధికారులు ఒక్కసారి మింట్ ఉన్న పెన్‌డ్రైవ్‌తో బూట్ చేయించి చూడాలి. దానికి హార్డ్‌డిస్కులో ఏదీ చెరపాల్సిన పని లేదు.

— ఒక కంప్యూటర్ మెకానిక్, తెనాలి