రెక్కలు బిగించేది ఆఖరున

సంపాదకుడు గారికి,

ఇంజినీరింగ్ ప్రాజెక్టుల రోజుల్లో కోఠీ గుజరాతీ గల్లీలో డ్రోన్ సామాను బేరమాడే విద్యార్థులు కనిపిస్తుంటారు. కొత్తవాళ్లు వేళ్లు తెగ్గోసుకునేది ఎక్కువగా బల్ల దగ్గరే. ఫ్రేము కట్టిన ఉత్సాహంలో రెక్కలూ (ప్రొపెల్లర్లు) తగిలించి బ్యాటరీ కలిపేస్తారు. అన్ని పరీక్షలూ అయ్యేదాకా రెక్కలు డబ్బాలోనే ఉండాలి. కిట్లు అమ్మేవాళ్లు ఈ ఒక్క మాట అట్టపెట్టె మీద అచ్చేస్తే బాగుంటుంది.

మొదటి డ్రోన్‌కు నాలుగు చేతులుండే ఎఫ్450 ఫ్రేము మేలు. ఫ్రేము చెయ్యి ఒకటి విరిగితే ఆ ఒక్కటే మార్చుకోవచ్చు. దానికి 2212 సైజు 920 కేవీ మోటార్లు నాలుగు, మోటారు వేగాన్ని అదుపుచేసే 30 ఆంపియర్ల ఈఎస్‌సీలు నాలుగు, 10 అంగుళాల 1045 రెక్కలు (రెండు జతలు అదనంగా కొనండి, విరుగుతాయి), మూడు సెల్లుల 11.1 వోల్టుల 2200 ఎంఏహెచ్ లైపో (లిథియం పాలిమర్) బ్యాటరీ, డ్రోన్‌ను నిలకడగా ఉంచే ఫ్లైట్ కంట్రోలర్ బోర్డు, ఆరు చానెళ్ల రిమోట్ కావాలి. అన్నీ కలిపి కిలోంబావు లోపు తూగాలి.

మోసపోయేది మోటారు దగ్గర. అదే 2212 సైజులో 2200 కేవీ మోటారూ దొరుకుతుంది. చూడ్డానికి కవలలే. కేవీ అంటే లోడు లేనప్పుడు ఒక్క వోల్టుకు నిమిషానికి ఎన్ని చుట్లు తిరుగుతుందన్న లెక్క. 2200 కేవీది 6 అంగుళాల చిన్న రెక్కకు సరిపోతుంది. దానికి 10 అంగుళాల రెక్క తగిలిస్తే మోయలేక విపరీతంగా కరెంటు లాగి మోటారో, ఈఎస్‌సీయో మాడుతుంది. ‘ఎక్కువ నంబరైతే ఎక్కువ పవరు’ అని దుకాణంలో ఎవరు చెప్పినా వినకండి.

టంకానికి 25 వాట్ల ఐరన్ చాలదు. బ్యాటరీ వైర్లు లావుగా ఉండి వేడిని లాగేస్తాయి, అతుకు పైపైనే పట్టి గాల్లో ఊడుతుంది. 60 వాట్లది వాడాలి. అతుకులయ్యాక బ్యాటరీని నేరుగా కలపొద్దు. ప్లస్ వైరు మధ్యలో కారు బ్రేక్ లైటుకు వాడే 12 వోల్టుల 21 వాట్ల బల్బు పెట్టి కలపండి. ఒకసారి మెరిసి ఆరిపోతే క్షేమం. వెలుగుతూనే ఉంటే ఎక్కడో షార్టు ఉంది. కొద్ది రూపాయల బల్బు వేల రూపాయల బోర్డును కాపాడుతుంది.

ఇక దిశలు. ముందు ఎడమ, వెనుక కుడి మోటార్లు గడియారం ముల్లులా, మిగతా రెండూ దానికి ఎదురుగా తిరగాలి. లేకుంటే డ్రోన్ బొంగరమైపోతుంది. తప్పు తిరిగే మోటారుకు మూడు వైర్లలో ఏ రెండింటినైనా తారుమారు చేస్తే చాలు. లేవగానే బోర్లా పడుతోందంటే కంట్రోలర్‌కు కలిపిన మోటార్ల వరుస మారి ఉంటుంది, లేదా రెక్కలు తారుమారై ఉంటాయి, లేదా కంట్రోలర్ మీది బాణం ముందుకు లేదు. రెక్క మీది అక్షరాలు పైకి కనిపించాలి. ఒక మోటారు మిగతావాటికంటే ఆలస్యంగా తిరగడం మొదలెడితే ఈఎస్‌సీల క్యాలిబ్రేషన్ (నాలుగూ రిమోట్ మీటను ఒకేలా అందుకునేలా సరిచేయడం) మళ్లీ చేయాలి. చివరగా రిమోట్ ఆపేసి చూడండి. మోటార్లు ఆగకపోతే ఫెయిల్‌సేఫ్ (సిగ్నల్ పోతే కాపాడే ఏర్పాటు) పెట్టనట్టే, ఆ డ్రోన్‌ను బయటికి తీసుకెళ్లొద్దు.

లైపోను 2.2 ఆంపియర్ల దగ్గర, సెల్లులన్నీ సమానంగా నింపే బ్యాలెన్స్ చార్జర్‌తోనే, మనిషి దగ్గరుండి చార్జ్ చేయాలి. సెల్లుకు 4.2 వోల్టులు దాటకూడదు, ఎగిరేటప్పుడు 3.5 దగ్గర దింపేయాలి. ఉబ్బినదాన్ని మళ్లీ వాడొద్దు. ఈ బ్యాటరీతో ఏడెనిమిది నిమిషాలకు మించి ఎగరదు, అది లోపం కాదు. నేలకు జానెడు ఎత్తులో తన గాలి తనకే తగిలి ఊగుతుంది. అక్కడ తచ్చాడకుండా మీటరు పైకి లేపి, తోక మనవైపు ఉంచి నిలపడం నేర్చుకోవాలి.

2021 డ్రోన్ నియమాల ప్రకారం 2 కిలోల లోపు డ్రోన్‌ను సరదాకు ఎగరేసేవారికి రిమోట్ పైలట్ సర్టిఫికెట్ అక్కర్లేదు. అలాగని డాబా ఎక్కి ఎగరేయడం కాదు. బేగంపేట, శంషాబాద్ విమానాశ్రయాలు, హకీంపేట, దుండిగల్ వాయుసేన స్థావరాల మధ్య ఉన్న హైదరాబాద్‌లో ముందు ప్రభుత్వ డ్రోన్ వెబ్‌సైట్ డిజిటల్ స్కై మ్యాపులో తామున్న చోటు ఏ రంగులో ఉందో చూసుకోవాలి. ఎరుపైతే కేంద్రం అనుమతి, పసుపైతే ఏటీసీ (విమాన రాకపోకల నియంత్రణ కేంద్రం) అనుమతి కావాలి. రెంటిలో ఏదైనా విద్యార్థులకు దగ్గరి దారి, ఊరి బయట ఆకుపచ్చ చోటికి వెళ్లే బస్సు పట్టుకోవడమే.

– ఒక ఎలక్ట్రానిక్స్ అధ్యాపకుడు, హైదరాబాద్