జ్ఞాపకంపై నిపుణుల సాక్ష్యం: అడగాల్సిన ప్రశ్న వేరు

సంపాదకుల వారికి,

జ్ఞాపకం గురించి మనస్తత్వ నిపుణులు కోర్టులో ఇచ్చే సాక్ష్యం ఎంతవరకు నమ్మదగ్గదన్న చర్చ మీ పేజీలో చదువుతున్నాను. శాస్త్రం చెబితే ఒప్పుకోవాల్సిందేనని కొందరు, పిలిచినవాళ్ల పాట పాడతారని కొందరు రాశారు. నిపుణుణ్ణి ఏం అడిగారో చూడకుండా ఈ రెండింటిలో ఏ మాటా తేలదు.

1974లో అమెరికాలో మనస్తత్వ పరిశోధకులు ఎలిజబెత్ లాఫ్టస్, జాన్ పామర్ కలిసి 150 మంది విద్యార్థులకు కార్లు ఢీకొన్న ఫిల్మ్ ఒకటి చూపించారు. కార్లు బలంగా గుద్దుకున్నప్పుడు ఎంత స్పీడులో ఉన్నాయని 50 మందిని, ఒకదానికొకటి తగిలినప్పుడు ఎంత స్పీడులో ఉన్నాయని మరో 50 మందిని అడిగారు. మిగతా 50 మందిని స్పీడు సంగతే అడగలేదు. వారం తర్వాత పిలిచి, పగిలిన గాజు చూశారా అన్నారు. ఫిల్మ్‌లో గాజు పగలనే లేదు. అయినా 'గుద్దుకున్న' మాట విన్నవాళ్లలో 16 మంది చూశామన్నారు. మిగతా రెండు జట్లలో 7, 6 మందే అలా అన్నారు. ఎవరూ కావాలని అబద్ధమాడలేదు. పోలీసు స్టేషన్లో ప్రశ్న అడిగే తీరు సాక్షి జ్ఞాపకాన్ని మార్చగలదని జడ్జికి చెప్పడానికి ఇది గట్టి ఆధారమే.

కానీ ఆ 'గుద్దుకున్న' మాట విన్నాక కూడా 34 మంది గాజు చూడలేదనే చెప్పారు. బోనులో నిలబడ్డ సాక్షి ఆ 16 మందిలాంటివాడా, ఈ 34 మందిలాంటివాడా? ఏ నిపుణుడూ చెప్పలేడు. చెప్పగలనన్నాడంటే ఆ మాట అతని శాస్త్రంలోది కాదు.

కాలిఫోర్నియాలో 1990లో ఒక తండ్రికి హత్య కేసులో శిక్ష పడింది. హత్య జరిగింది 1969లో. ఎన్నో ఏళ్ల తర్వాత గుర్తొచ్చిందని కూతురు ఇచ్చిన సాక్ష్యమే ఆ కేసుకు ఆయువుపట్టు. ప్రాసిక్యూషన్ తరఫున ఒక సైకియాట్రిస్టు, డిఫెన్స్ తరఫున లాఫ్టస్ మాట్లాడారు. కూతురు చెప్పిన వివరాలు అప్పటి పేపర్లలో వచ్చినవేనని చూపించడానికి మాత్రం డిఫెన్స్‌కు అనుమతి దొరకలేదు. 1995లో ఫెడరల్ కోర్టు శిక్ష కొట్టేయడానికి ఇదీ ఒక కారణం. ఇద్దరు నిపుణులను కూర్చోబెట్టి విని, పాత పేపర్లను పక్కన పెట్టడం నాకు ఇప్పటికీ మింగుడు పడదు.

ఇంకో సంగతి. సాక్షి ధీమాకూ నిజానికీ పెద్దగా సంబంధం లేదని నిపుణులు చాలాకాలం కోర్టుల్లో చెబుతూ వచ్చారు. 2017లో మనస్తత్వ పరిశోధకులు జాన్ విక్స్‌టెడ్, గ్యారీ వెల్స్ దాన్ని సరిదిద్దారు: అనుమానితుణ్ణి గుర్తుపట్టమని పోలీసులు పద్ధతిగా జరిపిన మొదటి గుర్తింపులో సాక్షి చూపిన ధీమాకు విలువ ఉంది, నెలల తర్వాత కోర్టులో చూపే ధీమాను నమ్మలేం. కాబట్టి అనుమానితుడు ఎవరో తెలియని అధికారే గుర్తింపు జరపాలి, సాక్షి అన్న మాటను అన్నట్టే అక్కడికక్కడ రాయాలి, వీడియో తీయాలి. ఇవేవీ ఫైల్లో లేకపోతే నిపుణుడు మాత్రం దేన్ని చూసి చెబుతాడు?

నన్ను ఎక్కువ బాధపెట్టేది దాడికి గురైనవాళ్ల పరిస్థితి. ముందు ఏం జరిగింది, తర్వాత ఏం జరిగింది అన్న వరుస తడబడితే చాలు, జ్ఞాపకం నమ్మదగ్గది కాదన్న శాస్త్రాన్ని చూపి లాయర్లు వాళ్లను అబద్ధాలకోరులను చేసేస్తున్నారు. చుట్టూ ఉన్నవి మరిచిపోయినంత మాత్రాన అసలు జరిగింది కల్పన అయిపోదని చెప్పేదీ ఆ శాస్త్రమే. ఈ మాట కూడా నిపుణుడి రిపోర్టులో ఉండి తీరాలి. ఏ వైపువాళ్లు పిలిచినా సరే, ఈ కేసులో తాను తేల్చలేనిదేమిటో మొదటి పేజీలోనే రాయమని జడ్జీలు ఆదేశించాలి.

ఒక పాఠకురాలు