శీనూ, నీ బండి ఎందుకు ఆగిపోతోందంటే

ఒరేయ్ శీనూ,

నీ వాయిస్ మెసేజ్ విన్నాను. చెప్పింది తక్కువ, తిట్టింది ఎక్కువ. అయినా సంగతి అర్థమైంది. నీ జావా పొద్దున ఒకటి రెండు కిక్కులకే లేస్తోంది. కాస్త దూరం వెళ్లి ఇంజన్ బాగా వేడెక్కాక దగ్గడం మొదలుపెట్టి ఆగిపోతోంది. కాసేపు వదిలేస్తే ఏమీ ఎరగనట్టు మళ్లీ స్టార్టవుతోంది. కాయిల్ మార్చనా, కార్బురేటర్ మార్చనా అని అడుగుతున్నావు. ప్రస్తుతానికి రెండింటి జోలికీ పోకు. ఫోన్లో చెబితే సగం మర్చిపోతావు, మిగతా సగం మీద వాదన పెట్టుకుంటావు. అందుకే ఉత్తరం.

పాత బండి ఆగిందంటే పాత సామాను వల్లే అనుకుంటాం కదా. నా జావా దగ్గర కథ తిరగబడింది. లోపలి గేర్లు, క్రాంక్, ముందు ఫోర్కులు ఎప్పటివో, ఒక్కటీ నోరెత్తలేదు. ఇంట్లో విప్పి బిగించాక నన్ను ఏడిపించినవన్నీ కొత్తగా వేసినవే. నీదీ ఈ మధ్యే విప్పి బిగించిన బండే కాబట్టి, ముందు నువ్వు కొత్తగా వేసినవేమిటో ఒక కాగితం మీద రాసుకో. అనుమానాలు అక్కణ్ణుంచే మొదలుపెట్టు.

నీ లక్షణాలు వింటుంటే నాకు మొదట తోచేది స్పార్క్ సరిగా పుట్టేలా చూసే చిన్న భాగం, కండెన్సర్. మన జావాలు చేసిన మైసూరు ఫ్యాక్టరీ 1996లో మూతపడింది. ఆ తర్వాత దొరికే స్పేర్లలో ఎక్కువ భాగం ఎవరెవరో చేసినవి. పెట్టె మెరుస్తూ ఉంటుంది, లోపలిది ఎలా ఉంటుందో బిగించాకే తెలుస్తుంది. పైగా అది డైనమో పక్కనే, ఇంజన్ వేడికి కాలుతూ కూర్చుంటుంది. చల్లగా ఉన్నంతసేపు పని చేస్తుంది, వేడెక్కితే లోపల లీకవుతుంది. చల్లారితే మళ్లీ బుద్ధిగా ఉంటుంది. నాకు వచ్చిన కొత్త కండెన్సర్ చేసింది అచ్చం ఇదే. దాని స్థానంలో వేసిన మరో కొత్తదీ అదే దారి పట్టింది.

దాన్ని పట్టుకోవాలంటే బండి ఆగిన నిమిషంలోనే చూడాలి, చల్లారాక చూస్తే దొరకదు. ఆగిన వెంటనే చెయ్యాల్సిన మొదటి పని పెట్రోల్ ట్యాంక్ మూత తెరవడం. నవ్వకు. మూతలో గాలి పోయే సన్నటి రంధ్రం ఉంటుంది. పెయింటో, కొత్త రబ్బరు వాషరో దాన్ని మూసేస్తే ట్యాంకులో గాలి పీడనం పడిపోయి పెట్రోల్ కిందికి దిగదు. తెరవగానే 'స్స్' మని గాలి లోపలికి పీల్చుకుంటే, బండి వెంటనే స్టార్టయితే, దొంగ దొరికినట్టే. ఇది కూడా కొంత దూరం వెళ్లాక ఆపుతుంది, కాసేపాగితే వదిలేస్తుంది. అందుకే చాలామంది దీన్ని వేడి సమస్య అనుకుని కాయిళ్లు మారుస్తూ కూర్చుంటారు.

మూత తెరిచినా లాభం లేకపోతే ప్లగ్గు విప్పు. చెయ్యి కాలుతుంది, గుడ్డ పెట్టుకో. ప్లగ్గు పొడిగా ఉంటే పెట్రోల్ రావట్లేదు: ట్యాపులో జాలీ, కార్బురేటర్‌లో ఫ్లోట్ గిన్నె, జెట్ (పెట్రోల్ వచ్చే సన్న రంధ్రం) ఆ వరసలో చూసుకో. తడిగా ఉంటే పెట్రోల్ వస్తోంది, నిప్పు లేదు. అప్పుడు ప్లగ్గుకి క్యాప్ తొడిగి, సిలిండర్ హెడ్‌కి ఆనించి (ప్లగ్గు రంధ్రానికి దూరంగా, లోపలినుంచి పెట్రోల్ ఆవిరి వస్తుంది) కిక్ కొట్టు. నీలంగా, చిటపటమంటూ దూకితే మంచి స్పార్క్. పసుపు పచ్చగా, నీరసంగా ఉంటే పనికిరాదు. ఇప్పుడు డైనమో మూత తీసి సీబీ పాయింట్ల (కాయిల్‌కి కరెంటు కట్ చేసే చిన్న స్విచ్చు) వైపు చూస్తూ ఇంకో కిక్ కొట్టు. పాయింట్ల మధ్య పెద్ద మెరుపులు కనిపిస్తే నేరం కండెన్సర్‌ది. దాని పనే అది: పాయింట్లు విడినప్పుడు కరెంటు వాటి మధ్య దూకకుండా ఆపడం. ఆపితేనే కాయిల్‌లో అయస్కాంత క్షేత్రం ఒక్కసారిగా కూలి, ప్లగ్గుకి కావలసిన వోల్టేజీ పుడుతుంది. పాయింట్ల దగ్గర మామూలుగానే ఉండి ప్లగ్గు దగ్గర మాత్రం నిప్పు లేకపోతే అప్పుడు కాయిల్‌ని అనుమానించు, ఒప్పుకుంటాను.

నేను చివరికి డైనమో దగ్గరి కండెన్సర్‌ని పూర్తిగా తీసేశాను. ఎలక్ట్రానిక్స్ దుకాణాల్లో దొరికే 0.22 మైక్రోఫ్యారడ్, 630 వోల్టుల ఫిల్మ్ కెపాసిటర్ ఒకటి తెచ్చి, ట్యాంకు కింద కాయిల్ పక్కన బిగించాను. ఒక కాలు కాయిల్ నుంచి పాయింట్లకు వెళ్లే వైరుకి, రెండోది ఎర్త్‌కి. అంతే పని. ఇంజన్ వేడి అక్కడికి చేరదు. 'ఒరిజినల్‌గా లేదు' అని మూతి ముడుచుకునేవాళ్లు ఉంటారు. వాళ్లను ముడుచుకోనీ. ట్యాంకు కింద ఏముందో బయటికి కనపడదు, నడిరోడ్డు మీద ఆగిపోవడం మాత్రం ఊరంతా చూస్తుంది.

ఇంకొకటి. ఇది ఇంజన్ ఆగడం గురించి కాదుగానీ దానికి తోడు దొంగ. చాసిస్‌కి పౌడర్ కోటింగ్ వేయించావుగా? నేనూ వేయించాను, బ్రహ్మాండంగా వచ్చింది. కానీ పౌడర్ కోటింగ్ అంటే ప్లాస్టిక్ పొర. కరెంటు దాన్ని దాటదు. పాత బండిలో ఎర్త్ అంతా చాసిస్ ఇనుము ద్వారానే తిరిగొస్తుంది. ఇంజన్ బోల్టుల దగ్గర, కాయిల్ బిగించే చోట, హెడ్‌లైట్ గిన్నె దగ్గర ఈ పొర అడ్డుపడితే హారన్ దోమలా పాడుతుంది, లైటు మినుకుమంటుంది, స్పార్క్ నీరసపడుతుంది. అందులోనూ మనవి 6 వోల్టుల బళ్లు. 24 వాట్ల బల్బుకి 12 వోల్టులైతే 2 ఆంపియర్లు చాలు, 6 వోల్టులైతే 4 కావాలి. కాబట్టి అదే చెడ్డ జాయింటు దగ్గర నష్టం రెట్టింపు, ఉన్నదే 6 వోల్టులు కనుక ఆ నష్టం తగిలే దెబ్బ ఇంకా ఎక్కువ. ఆధునిక బండిలో అర వోల్టు పోతే ఎవరికీ తెలియదు, ఇక్కడ తెల్లారిపోతుంది.

చూసుకోవడం తేలికే. ఇంజన్ నడుస్తూ ఉండగా లైటు వేసి ఉంచి, మల్టీమీటర్ ఒక కొసని బ్యాటరీ ఎర్త్ టెర్మినల్‌కి, రెండోదాన్ని ఇంజన్ ఒంటికి ఆనించు. 0.2 వోల్టులకు మించి చూపిస్తే ఎర్త్ బాగోలేదు. బ్యాటరీ ఎర్త్ నుంచి నేరుగా ఇంజన్‌కి ఒక లావుపాటి వైరు వేసెయ్, చాసిస్‌ని నమ్ముకోకు. అది బిగించే చోట కోటింగ్ గీకి, పళ్ల వాషరు పెట్టి, బిగించాక పైన కాస్త వాజిలీన్ రాస్తే తుప్పు పట్టదు. మెరిసే కోటింగ్‌ని గీకాలంటే మనసొప్పదు, తెలుసు. బోల్టు తల కింద ఎవడు చూడొచ్చాడు?

టైమింగ్ (స్పార్క్ పడే సమయం) సంగతి నువ్వు అడగలేదు, కానీ నీ మెకానిక్ 'చెవితో సెట్ చేశాను' అన్నాడంటే నాకు టెన్షన్‌గా ఉంది. పాయింట్ల గ్యాప్ 0.4 మి.మీ. ముందు పెట్టాలి, ఆ తర్వాతే టైమింగ్. గ్యాప్ మారితే టైమింగూ మారుతుంది కాబట్టి వరస తప్పకూడదు. ప్లగ్గు రంధ్రంలోంచి డయల్ గేజ్ గానీ, అది లేకపోతే వెర్నియర్ లోతు కొలిచే పుల్ల గానీ దింపి పిస్టన్ పైచివర ఎక్కడో పట్టుకో. పాయింట్లు విడే క్షణం తెలుసుకోవడానికి వాటికి అడ్డంగా చిన్న 6 వోల్టుల బల్బు కట్టి స్విచ్ వెయ్, విడగానే వెలుగుతుంది. నా బండిలో పిస్టన్ పైకి చేరడానికి సుమారు 3 మి.మీ. ముందు వెలిగేలా పెట్టాను. నీ మోడల్ పుస్తకంలో అంకె చూసుకుని అదే పెట్టు. టైమింగ్ మరీ ముందుకు ఉంటే కొత్త పిస్టన్‌కి ప్రాణగండం.

క్రాంక్ ఆయిల్ సీళ్లు మార్చానన్నావు, మంచి పని. డైనమో వైపు సీలు గాలి పీలిస్తే యాక్సిలరేటర్ వదిలినా ఇంజన్ స్పీడు కిందికి దిగదు. క్లచ్ వైపుది పోతే క్లచ్ కేసులో ఆయిల్‌ని తాగేసి పొగ మేఘాలు వదులుతుంది. నీ బండికి ఈ రెండూ లేవు కాబట్టి వాటిని కదిలించకు.

ఇక తోలడం గురించి. కొత్త పిస్టన్ వేశావు గనక కొన్నాళ్లు నీ ఎడమచేతి వేళ్లు క్లచ్ లివర్ మీదే ఉండాలి. సీజ్ అయ్యే (పిస్టన్ సిలిండర్‌లో బిగుసుకుపోయే) ముందు బండి చెబుతుంది. శబ్దం మందగిస్తుంది, ఎవరో వెనక నుంచి పట్టి లాగుతున్నట్టు స్పీడు తగ్గుతుంది. ఆ క్షణంలో ఆలోచించకు, క్లచ్ పట్టేసి పక్కకి తీసుకో. నేను లీటరు పెట్రోల్‌కి 40 మి.లీ. టూటీ ఆయిల్ (టూ-స్ట్రోక్ ఇంజన్లకు వాడేది) కలుపుతున్నాను, అంటే 1:25. భయం కొద్దీ ఇంకా ఎక్కువ పోస్తే మేలనుకుంటావేమో. ఆయిల్ పెరిగితే అదే జెట్‌లోంచి వెళ్లే మిశ్రమంలో పెట్రోల్ వాటా ఆ మేరకు తగ్గుతుంది. అంటే గాలి పాలు పెరిగి ఇంజన్ ఇంకా వేడిగా నడుస్తుంది. నేను ఈ మాట చెబితే నమ్మేవాడు ఇంతవరకు దొరకలేదు. నువ్వైనా నమ్ము.

పల్లంలో దిగేటప్పుడు యాక్సిలరేటర్ పూర్తిగా మూసి ఇంజన్‌తో బ్రేక్ వేయించకు. కొత్త బళ్లు తోలినవాళ్లకి అదే అలవాటు. ఇక్కడ ఆయిల్ వచ్చేది పెట్రోల్‌తో కలిసే. యాక్సిలరేటర్ మూస్తే ఆయిలూ ఆగిపోతుంది, ఇంజన్ మాత్రం గిర్రున తిరుగుతూనే ఉంటుంది. మధ్యమధ్యలో క్లచ్ పట్టి ఒకసారి రెయిజ్ చేసి వదులు. బ్రేకుల మీద భారం పడుతుంది, నిజమే. కొత్త లైనర్లు మొదట్లో డ్రమ్‌కి అక్కడక్కడే తగులుతాయి, అరిగి ఒదిగేదాకా బ్రేక్ సగమే ఉంటుంది. అందుకని ముందు బండికి నువ్వు మామూలుగా ఇచ్చేదానికంటే చాలా ఎక్కువ దూరం ఇవ్వు.

ఇంత భయపెట్టాను గానీ, ఆ బండి మీద కూర్చుంటే ఉండే సుఖం వేరురా. ఎడమవైపు ఉన్న ఆ ఒక్క లివర్‌నే లోపలికి నొక్కి పైకి తిప్పితే కిక్కు, వదిలేస్తే గేరు. ఎవరికి తట్టిందో గానీ చూసిన ప్రతిసారీ ముచ్చటేస్తుంది. నడుస్తూ ఉండగా గేరు మార్చడానికి క్లచ్ పట్టక్కర్లేదని నీకు తెలుసు కదా, గేరు లివర్ కదలగానే లోపల క్లచ్ దానంతటదే విడుతుంది. అయితే కాలు మెత్తగా పడాలి, తొక్కి వెంటనే వదిలేస్తే బండి ఎగిరిపడుతుంది. కాలికి లయ దొరికాక చెయ్యి ఊరికే ఉంటుంది. బోరు (సిలిండర్ వెడల్పు) 65 మి.మీ., స్ట్రోకు (పిస్టన్ కదిలే దూరం) 75 మి.మీ. పొడుగు స్ట్రోకు కాబట్టి టాప్ గేరులో మెల్లగా పోనిచ్చినా గునుస్తూ ఆగదు, ఒక్కొక్క దెబ్బా లెక్కపెట్టుకోవచ్చన్నట్టు సాగిపోతుంది. రెండు సైలెన్సర్లు, సిలిండర్ మాత్రం ఒక్కటే. కొత్తవాళ్లు నీది ట్విన్ అని పొగిడితే సరిదిద్దడమా, ఊరుకోవడమా అన్నది నీ మనస్సాక్షి. నేను ఊరుకుంటాను.

స్పీడు పెంచాలని తాపత్రయపడకు. దాని అసలు అందం నలభై, యాభై మధ్యలో ఉంది. అంతకు మించితే హ్యాండిల్‌లో వణుకు మొదలై నట్లు వదులవుతాయి. నేను ఇంటికి రాగానే స్పానర్ తీసుకుని ఒక చుట్టు తిరిగి అన్నీ తడిమి చూస్తాను. సైలెన్సర్ క్లాంపులు, ఇంజన్ బోల్టులు ఎక్కువగా సతాయిస్తాయి. బండి ఆపినప్పుడల్లా పెట్రోల్ ట్యాప్ కట్టెయ్, లేకపోతే రాత్రంతా క్రాంక్ కేసులోకి పెట్రోల్ కారి పొద్దున కాళ్లు నొప్పులు పుట్టేదాకా కిక్ కొట్టాలి. సీటు కింద ఒక ప్లగ్గు, ప్లగ్గు స్పానర్, ఫీలర్ గేజ్, పాయింట్లు రుద్దే చిన్న ఆకురాయి, క్లచ్ కేబుల్, కొంచెం వైరు, టేపు ఉంటే దాదాపు ఎక్కడికైనా వెళ్లి రావచ్చు. నువ్వు అక్కడ రెయిన్‌కోటు పెట్టి స్పానర్లు ఇంట్లో వదిలేస్తావని నాకు బాగా తెలుసు.

ఇప్పుడు నువ్వు చెయ్యాల్సింది చెబుతాను. రేపు బండి తీసి అది ఆగేదాకా తోలు. ఆగగానే మూత, ప్లగ్గు, స్పార్క్, పాయింట్లు, ఇదే వరసలో చూసి, ఒక్కోదానికి ఫోటో తీసి పంపు. పాయింట్ల మెరుపు ఫోటోలో పడదు, వీడియో తియ్. మల్టీమీటర్ రీడింగ్ కూడా రాయి. అవి చూశాక చెబుతాను ఏం కొనాలో. ఈలోగా ఆ కొత్త కాయిల్ ఆర్డర్ పెట్టావో, నేను రానే రాను.

నీ
రవి